బోరు నీళ్ళ ఊళ్ళో డిష్‌వాషర్

నల్గొండలో డిష్‌వాషర్ కొన్న చాలా ఇళ్ళలో అది కొన్నాళ్ళకు బోళ్ళు ఆరబెట్టుకునే స్టాండ్ అయిపోతుంది. చేత్తో కడిగినవి అందులో సర్దుతారు, మిషన్ మాత్రం ఆన్ చెయ్యరు. ఎందుకని అడిగితే వచ్చే జవాబులు మూడే: "గ్లాసులు తెల్లగైతున్నయి", "నీళ్ళు పోతలేవు", "ఏదో ఎర్రర్ చూపెడ్తుంది". ఆ తర్వాత "మనకు అచ్చిరాలేదులే" అని తీర్మానం.

నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. రిపేర్లు నా వృత్తి కాదు. అయినా మా స్టాఫ్‌రూమ్‌లో గానీ చుట్టాల్లో గానీ ఎవరింట్లో ఈ మిషన్ మొరాయించినా ఫోన్ నాకే వస్తుంది. టెక్నీషియన్ హైదరాబాద్ నుంచి రావాలి, అతను వచ్చేదాకా సింకు ఆగదు. వచ్చినా అతని చూపు ముందు లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు మీదికే పోతుంది. నేను చూసినంతలో బోర్డు పోవడం అరుదు. ముందు చూడాల్సింది నీళ్ళను. లోపలికి ఎట్లా వస్తున్నాయి, లోపల ఏం చేస్తున్నాయి, బయటికి ఎట్లా పోతున్నాయి అని నీళ్ళ వెంబడే పోతే జబ్బు ఎక్కడో ఒకచోట దొరుకుతుంది.

మా ఇంట్లో రెండు రకాల నీళ్ళు. భగీరథ పథకం నల్లా నీళ్ళు తాగడానికీ వంటకీ. మిగతా అన్నిటికీ బోరు. పైన ట్యాంకులోకి ఎక్కేది బోరు నీళ్ళే కాబట్టి డిష్‌వాషర్‌కి దిగేవీ అవే. నల్గొండ నీళ్ళు అనగానే అందరూ ఫ్లోరైడ్ అంటారు. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ) 'నల్గొండ టెక్నిక్' అని మా ఊరి పేరే పెట్టింది. ఊరికి పేరు రావాల్సిన సంగతేనా అది! కానీ డిష్‌వాషర్‌కి ఫ్లోరైడ్‌తో పేచీ లేదు. దాని పేచీ కాల్షియం, మెగ్నీషియంతో. కాల్షియం బైకార్బొనేట్ కరిగి ఉన్న నీళ్ళు వేడెక్కితే అది కార్బొనేట్‌గా మారి తెల్లగా పేరుకుంటుంది. గీజర్ కాయిల్ మీద మందంగా కట్టేదీ, డిష్‌వాషర్‌లో గ్లాసుల మీద పొరలాగా నిలిచేదీ ఒకటే సరుకు.

తాగే నీళ్ళకు ఉన్న ఐఎస్ 10500 ప్రమాణంలో కఠినత్వం (కాల్షియం, మెగ్నీషియం ఎంతున్నాయో చెప్పే లెక్క) లీటరుకు 200 మిల్లీగ్రాములలోపు ఉండాలని రాసి ఉంటుంది, వేరే దిక్కు లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. మా బోరు ఆ 600ని కూడా దాటింది. ఇది ఎట్లా తెలుసుకోవాలి అంటే, ఆర్ఓ అబ్బాయి ముంచి చూపించే మీటరుతో మాత్రం తెలియదు. అతను చెప్పేది టీడీఎస్, అంటే నీళ్ళలో కరిగినవన్నీ కలిపి. అందులో కాల్షియం, మెగ్నీషియం వాటా ఎంతో ఆ మీటరుకు తెలియదు. కఠినత్వానికి విడిగా కిట్లు దొరుకుతాయి. నీళ్ళలో చుక్కలు వేస్తూ రంగు మారేదాకా లెక్కపెట్టడమే పని. రంగు మారే కాగితం పట్టీలు కూడా ఉంటాయి.

ఆ అంకె తెలిశాక మిషన్‌కి చెప్పాలి. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. మిషన్ అడుగున ఒక డబ్బాలో రెజిన్ పూసలుంటాయి. వచ్చే నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియంను అవి పట్టుకుని బదులుగా సోడియం వదులుతాయి. పట్టుకోగా పట్టుకోగా పూసలు నిండిపోతాయి. అప్పుడు మిషన్ మనం ఉప్పు పోసి ఉంచే గుంటలోంచి ఉప్పునీళ్ళు పంపి వాటిని కడుక్కుంటుంది. ఎన్ని వాష్‌లకు ఒకసారి కడుక్కోవాలన్నది హార్డ్‌నెస్ సెట్టింగ్ చెబుతుంది. ఆ సెట్టింగ్ తక్కువగా ఉంటే గుంట నిండా ఉప్పున్నా గ్లాసులు తెల్లబడతాయి. మాన్యువల్‌లో ఇది జర్మన్ డిగ్రీల్లో ఉంటే భయపడక్కర్లేదు. ఒక డిగ్రీ అంటే లీటరుకు దాదాపు 17.8 మిల్లీగ్రాములు. 600 అంటే 34 దాకా. మిషన్ బిగించడానికి వచ్చే అబ్బాయిలు చాలామంది ఈ సెట్టింగ్ జోలికే పోరు, సంతకం పెట్టించుకుని బండెక్కుతారు. కొత్తగా కొన్నవాళ్ళు ఇంకేం చదవకపోయినా మాన్యువల్‌లో ఆ ఒక్క పేజీ చదవండి.

ఉప్పు దగ్గర మా అత్తమ్మకు నాకు ఇప్పటికీ కుదరదు. "ఇంట్ల దొడ్డుప్పు పెట్టుకోని గంత పైసలు పోసి ఉప్పు కొంటరా?" అంటుంది. దొడ్డుప్పులో మట్టీ, మెగ్నీషియం లవణాలూ ఉంటాయి, అంటే మనం తీసెయ్యాలనుకున్నదాన్నే మళ్ళీ పోసినట్టు. మెత్తటి వంట ఉప్పులోనేమో గడ్డకట్టకుండా కలిపే పొడి ఉంటుంది, అది సరిగ్గా కరగదు. డిష్‌వాషర్ ఉప్పు అంటే వేరే మందేం కాదు, శుభ్రమైన సోడియం క్లోరైడ్ పెద్ద పలుకులు, అంతే. మొదటిసారి పోసేటప్పుడు ముందు గుంట నిండా నీళ్ళు పోసి తర్వాత ఉప్పు వెయ్యాలి. ఎప్పుడు పోసినా వెంటనే ఒక వాష్ నడపాలి, లేకపోతే బయటికి పొంగిన ఉప్పునీళ్ళు స్టీలును తినేస్తాయి. పొరపాటున కూడా ఆ గుంటలో డిటర్జెంట్ పడకూడదు. పడితే రెజిన్ డబ్బా పాడైపోతుంది, అది పెద్ద ఖర్చు.

'ఆల్ ఇన్ వన్' డిటర్జెంట్ టాబ్లెట్ వాడితే ఉప్పు అక్కర్లేదంటారు కదా అని అడుగుతారు. మెత్తటి నీళ్ళున్న ఊళ్ళలో నిజమే కావచ్చు, మన బోర్లకు అది చాలదు.

ఇప్పటికే తెల్లబడ్డ గ్లాసు ఉంటే దాన్ని కాసేపు వెనిగర్‌లో గానీ నిమ్మరసంలో గానీ నానబెట్టి వేలితో రుద్దండి. పొర పోతే అది సున్నం, సెట్టింగూ ఉప్పూ సరిచేస్తే మళ్ళీ రాదు. పోకపోతే గాజే అరిగింది, దాన్నిక ఏం చేసినా బాగుపడదు. మిషన్ లోపల గోడలకు, హీటర్‌కు పట్టిన సున్నానికి నేను వాడేది నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్. ప్రకాశం బజార్‌లో కిరాణాలో చౌకగా దొరుకుతుంది. బోళ్ళేమీ పెట్టకుండా, డిటర్జెంట్ వెయ్యకుండా, 50 గ్రాములు అడుగున చల్లి బాగా వేడి ప్రోగ్రాం ఒకటి నడిపితే స్టీలు మళ్ళీ మెరుస్తుంది. బ్లీచింగ్‌తో మాత్రం ఎప్పుడూ కలపొద్దు, విషవాయువు వస్తుంది.

తెల్లపొర సంగతి ఎక్కువ చెప్పాను గానీ, మన దగ్గర ఫిర్యాదుల్లో పెద్ద భాగం దానిదే.

ఇక నీళ్ళు రావట్లేదనే ఎర్రర్. పానగల్ వైపు ఉండే మా స్కూల్ తెలుగు మేడం వాళ్ళది ఒక అంతస్తు ఇల్లు, స్లాబు మీదే ట్యాంకు. మిషన్ ఆన్ చేస్తే గుయ్‌మని కాసేపు మూలిగి ఎర్రర్ చూపిస్తుంది. ట్యాంకు అడుగు నుంచి వంటింటి నల్లా దాకా టేపుతో కొలిస్తే మూడున్నర మీటర్లు. పది మీటర్ల ఎత్తుకు దాదాపు ఒక బార్ ఒత్తిడి వస్తుంది కాబట్టి అక్కడ 0.35 బార్ మించి లేదు. చాలా మిషన్లు కనీసం 0.5 అడుగుతాయి. ఇది మిషన్ తప్పెట్లా అవుతుంది? ట్యాంకు కింద ఎత్తు దిమ్మె కట్టించడమో, చిన్న ప్రెషర్ పంపు పెట్టించడమో చెయ్యాలి. వాళ్ళు పంపు పెట్టించారు. ఒత్తిడి కొలిచే పరికరం లేనివాళ్ళు మిషన్‌కి వెళ్ళే నల్లా కింద 10 లీటర్ల బకెట్ పెట్టి పూర్తిగా తిప్పండి. నిమిషంలో నిండకపోతే అనుమానించాల్సింది నల్లానే.

ఒత్తిడి బాగానే ఉండి కూడా నీళ్ళు ఆలస్యంగా వస్తుంటే పైపు మొదట్లో ఉండే జాలీ చూడాలి. నల్లా కట్టేసి, పైపు నట్టు చేత్తో విప్పితే లోపల రూపాయి బిళ్ళంత జాలీ కనిపిస్తుంది. సన్న ముక్కు పట్టకారుతో మెల్లగా లాగితే వచ్చేస్తుంది. మా బోరు దింపిన కొత్తలో ఆ జాలీ మీద ఎర్రమన్ను కింద పొర, దానిమీద మెరిసే రాతి పొడి ఇంకో పొర కట్టి ఉండేది. మాది గ్రానైటు నేల కదా, గోరుతో గీకితే గరగరమనేది. పాత టూత్‌బ్రష్‌తో తోమి, వెలుతురుకు ఎత్తి చూసి, కన్నాలన్నీ తెరుచుకున్నాక పెట్టెయ్యడమే. కొన్ని మిషన్లకు నల్లా దగ్గర పైపు చివర ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది. అందులో కరెంటుతో పనిచేసే వాల్వ్ ఉంటుంది కాబట్టి పైపు కొయ్యడం, డబ్బాను నీళ్ళలో ముంచడం చెయ్యొద్దు.

నీళ్ళు బయటికి పోకపోవడం ఇంకో కథ. ఒక సంగతి ముందే చెప్తాను: వాష్ అయ్యాక ఫిల్టర్ గుంటలో కాసిన్ని నీళ్ళు మిగలడం రోగం కాదు. అన్ని మిషన్లలోనూ మిగులుతాయి. అడుగు పళ్ళెం మీదికి నీళ్ళొచ్చి నిలబడితేనే పట్టించుకోవాలి.

దసరా మర్నాడు మా ఇంట్లో అట్లాగే నిలబడ్డాయి. ముందు రోజు మటన్, చుట్టాలు, మిషన్ నిండా బోళ్ళు. ప్లగ్ తీశాను, కింది రాక్ బయటికి లాగాను, గుండ్రటి ఫిల్టర్‌ను తిప్పి పైకెత్తాను. దాని కింద నూనె తేలుతున్న నీళ్ళు, పసుపు రంగులో. స్టీలు గ్లాసుతో తోడి, మిగిలినవి స్పాంజితో పీల్చాను. అప్పుడు గుంటలో ఒక పక్కన పంపు మూత కనిపిస్తుంది, మా మిషన్‌లో అది తెల్లటి ప్లాస్టిక్. చెంచా కాడ దూర్చి పైకి లేపితే ఊడొచ్చింది. వేలు పెట్టే ముందు టార్చి వేసి చూడాలి, పగిలిన గాజు ముక్కలుంటే కోసుకుంటాయి. చిన్న పంకా రెక్కల మధ్య వేలిగోరంత బొక్క (ఎముక) ముక్క, దానికి చుట్టుకుని కరివేపాకు ఈనె. పుల్లతో కదిలించి తీశాను. ఆ పంకాను వేలితో తిప్పితే నున్నగా తిరగదు, ఆగి ఆగి తిరుగుతుంది. లోపలున్న అయస్కాంతం వల్ల అట్లా ఉంటుంది, పాడైందని కంగారు పడొద్దు. మూత మళ్ళీ టక్కుమని శబ్దం వచ్చేదాకా నొక్కాలి, సగం కూర్చుంటే మళ్ళీ అదే ఎర్రర్.

అప్పటినుంచి ఇంట్లో నియమం ఒకటే: బొక్కలు, చింతపండు పిప్పి, నిమ్మ గింజలు చెత్తబుట్టలో రాల్చాకే పళ్ళెం లోపలికి. కడిగి పెట్టక్కర్లేదు, రాలిస్తే చాలు.

మిర్యాలగూడలో మా వదినె వాళ్ళ మిషన్ కథ దీనికి తలకిందులు. "నీళ్ళు పట్టుకుంటనే ఉంటది పిల్లా, కడగది, గంట సేపు గదే సప్పుడు" అని ఫోన్. అప్పటికే ఒక టెక్నీషియన్ వచ్చి బోర్డు మార్చాలని లెక్క చెప్పి వెళ్ళాడు. నేను వీడియో కాల్‌లో మిషన్ వెనక వైపు చూపించమన్నాను. డ్రెయిన్ పైపు నేలమీద పాక్కుంటూ వెళ్ళి యుటిలిటీలో నేల జాలీలోకి దిగి ఉంది. నీళ్ళు పైనుంచి కిందికి తమంతట తామే జారిపోతున్నాయి. మిషన్ పడుతుంది, పైపు లాగేస్తుంది. పైపు ఎక్కడో ఒకచోట కనీసం 40 సెంటీమీటర్ల ఎత్తు ఎక్కి దిగాలి, పైపు చివర మురికి నీళ్ళలో మునిగి ఉండకూడదు. మా అన్న గోడకు ఒక క్లాంపు కొట్టి పైపును పైకెత్తి కట్టాడు. బోర్డు ఇంకా పాతదే.

గిన్నెలు సరిగ్గా కడగకపోతే ముందు పైన, కింద తిరిగే రెక్కలు చూడండి. వాటి కన్నాల్లో ఆవాలు, జీలకర్ర, సున్నం ఇరుక్కుంటాయి. రెక్క ఊడదీసి పుల్లతో పొడిచి, నల్లా కింద పెట్టి ఊపితే లోపల గలగలమనేవన్నీ బయటికొస్తాయి. తర్వాత బోళ్ళు సర్దాక రెక్కను చేత్తో ఒక చుట్టు తిప్పండి. గంటె కాడ గానీ పెద్ద తాంబాళం అంచు గానీ తగిలితే రెక్క ఆగిపోతుంది, పై రాక్‌లోవి ఎట్లా పెట్టినవి అట్లానే బయటికి వస్తాయి. టాబ్లెట్ కరగకుండా మిగిలిపోతే డిటర్జెంట్ డబ్బా మూతకు ఏ పళ్ళెమో అడ్డం ఉన్నట్టే.

ఎండాకాలం సాయంత్రాలు వాష్ సాగుతూ సాగుతూ ఉంటే అది వోల్టేజీ. హీటర్ శక్తి వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. 230 వోల్టుల దగ్గర 2000 వాట్లిచ్చే హీటర్ 180 దగ్గర 1225 వాట్లే ఇస్తుంది. నీళ్ళు కావాల్సినంత వేడెక్కేదాకా మిషన్ ఎదురుచూస్తుంది, కొన్నయితే విసిగి ఎర్రర్ ఇచ్చేస్తాయి. రాత్రి పది దాటాక నడిపితే చాలావరకు తీరిపోతుంది. 16 ఆంపియర్ల సాకెట్ తప్పనిసరి, ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టి నడపొద్దు. ప్లగ్ పట్టుకుంటే వేడిగా ఉందంటే ఆ రోజుకు ఆపెయ్యండి.

ఎదురింటి అక్క వాళ్ళింట్లో పౌడర్ అయిపోయిందని పిల్లాడు సింకు దగ్గరి గిన్నెల లిక్విడ్ పోశాడు. తలుపు సందుల్లోంచి నురుగు, వంటిల్లంతా నురుగు. పాపం వాడు మంచే చేద్దామనుకున్నాడు. అసలు తిప్పలు తర్వాత మొదలైంది. కారిన నీళ్ళు మిషన్ అడుగు ట్రేలో చేరి, అక్కడుండే, నీళ్ళ మీద తేలే థర్మోకోల్ ముక్క పైకి లేచింది. దాంతో లీకైందనుకుని మిషన్ పంపును ఆపకుండా తోలుతూనే ఉంది, స్విచ్ నొక్కినా వినదు. ప్లగ్ తీసి, నల్లా కట్టేసి, ఇద్దరం పట్టుకుని వెనక్కి కొద్దిగా వంచితే ట్రేలోని నీళ్ళు బయటికొచ్చాయి. మర్నాడు ఆరాక మామూలుగా నడిచింది. నురుగు లేకుండా ట్రే మళ్ళీ నిండిందంటే మాత్రం అది నిజమైన లీకే.

వాసనకు పెద్ద వైద్యం లేదు. ఫిల్టర్ వారానికోసారి కడగాలి, తలుపు కింది అంచు రబ్బరును గుడ్డతో తుడవాలి. నీళ్ళు అక్కడిదాకా చేరవు, జిడ్డు మొత్తం అక్కడే ఉంటుంది.

సత్తు గిన్నెలు పెట్టకండి. డిటర్జెంట్‌లోని క్షారానికి అల్యూమినియం నల్లబడుతుంది. ఇనుప మూకుడు తుప్పు పడుతుంది, ఇత్తడి కళ తప్పుతుంది, చెక్క గరిటె పగుళ్ళిస్తుంది. కుక్కర్ మూత, రబ్బరు నేను చేత్తోనే కడుగుతాను, వెయిట్ కింది సన్నటి రంధ్రంలో ఏదైనా ఇరుక్కుంటే ప్రమాదం కాబట్టి. ప్లాస్టిక్ డబ్బాలు తడిగానే బయటికొస్తాయి, అవి వేడి నిలుపుకోవు గనక. బోళ్ళ మీద నీళ్ళు నిలవకుండా జారిపోయేలా చేసే రిన్స్ ఎయిడ్ ద్రవం నింపితే కొంత నయం.

హీటర్, వైరింగు, బోర్డు, అడుగు నుంచి కారే లీకు నేను ముట్టుకోను. వాటికి టెక్నీషియన్‌ని పిలవాల్సిందే. పిలిచే ముందు తలుపు అంచు మీదుండే మోడల్ నంబరుకు ఒక ఫొటో, ఎర్రర్ కోడ్‌కు ఒక ఫొటో, డ్రెయిన్ పైపు ఎట్లా ఉందో ఒక ఫొటో తీసి వాట్సాప్ చెయ్యండి. ఒకే కోడ్ ఒక్కో కంపెనీలో ఒక్కో అర్థం ఇస్తుంది కాబట్టి మోడల్ తెలిస్తేనే కావాల్సిన పార్టు బ్యాగులో వేసుకుని వస్తాడు. లేదంటే చూసి వెళ్ళడానికి ఒకసారి, పార్టుతో ఇంకోసారి, రెండు విజిటింగ్ ఛార్జీలు.